అంతర్జాల నియంత్రణ, లైంగిక విద్య: విశాఖపట్నం నేపథ్యం

అంతర్జాలంలోని రాతలు, బొమ్మలు, వీడియోలు జనానికి చేరకుండా ప్రభుత్వం, న్యాయస్థానం, ఇంటర్నెట్ సేవల సంస్థ లేదా సామాజిక మాధ్యమ సంస్థ తీసుకునే చర్యలన్నిటినీ కలిపి అంతర్జాల నియంత్రణ అంటారు. శరీర ఎదుగుదల, నెలసరి, గర్భధారణ, గర్భనిరోధం, లైంగిక వ్యాధులు, సమ్మతి, వేధింపుల నుంచి రక్షణ వంటి విషయాలను వయసుకు తగినట్టు నేర్పడం లైంగిక విద్య. నియంత్రణ చట్టాలు నేరుగా లైంగిక విద్యను ఉద్దేశించి రాసినవి కావు. అశ్లీలత కోసం వేసిన వలలో ఆరోగ్య పాఠం కూడా చిక్కుకుంటూ ఉండటం వల్ల ఈ రెండు అంశాలను కలిపి పరిశీలించవలసి వస్తోంది.

ఈ పరిశీలనకు విశాఖపట్నం తగిన ఊరు. 1933లో ప్రారంభమైన నౌకాశ్రయం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, 1923 నాటి ఆంధ్ర వైద్య కళాశాల, 1926లో ఏర్పడి తర్వాత వాల్తేరుకు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయం నావికులను, లారీ డ్రైవర్లను, వలస కార్మికులను, హాస్టల్ విద్యార్థులను ఇక్కడికి రప్పించాయి. ఇంటికి దూరంగా బతికే యువత ఎక్కువగా ఉన్న ఊళ్లో ఇలాంటి సందేహాలకు జవాబు పెద్దవాళ్ల దగ్గర దొరకడం తక్కువ, ఫోన్‌లో వెతకడం ఎక్కువ.

పరిధి, పదాలు

చర్చలో తరచూ కలిసిపోయే నాలుగు విషయాలను విడివిడిగా చూడాలి. పిల్లలపై లైంగిక దోపిడీని చూపే సామగ్రి ఒకటి. అది ఏ రూపంలో ఉన్నా నేరమే, దాన్ని తొలగించడంపై భిన్నాభిప్రాయం లేదు. పెద్దల అశ్లీల సామగ్రి రెండోది. మందులు, గర్భనిరోధక సాధనాల వ్యాపార ప్రకటనలు మూడోవి. వైద్య సమాచారం, బోధన నాలుగోది. చట్టం ఈ నాలుగింటికీ వేర్వేరు నియమాలు పెట్టింది. వడపోసే యంత్రం మాత్రం చాలాసార్లు నాలుగింటినీ ఒకే గాటన కడుతుంది.

లైంగిక విద్యకు అంతర్జాతీయంగా ఎక్కువగా ప్రమాణంగా తీసుకునేది యునెస్కో 2009లో వెలువరించి 2018లో సవరించిన మార్గదర్శక పత్రం. అది శరీర శాస్త్రంతో ఆగదు. సంబంధాలు, హక్కులు, హింస, సమాచార సాంకేతికతను జాగ్రత్తగా వాడుకోవడం కూడా పాఠ్యాంశాలేనని చెబుతుంది.

చరిత్ర: ముద్రణ కాలం

తెలుగులో ఈ తగవు అంతర్జాలంతో మొదలవలేదు. 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో ప్రచురించగా, అశ్లీలమంటూ మద్రాసు ప్రభుత్వం 1911లో నిషేధించింది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ కాలంలో ఆ నిషేధం తొలగింది. ఆనాటి చర్యకు ఆధారమైన అశ్లీలత నిబంధన భారత శిక్షాస్మృతి 292వ సెక్షన్‌గా కొనసాగి, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్‌గా మారింది. శాస్త్రం, సాహిత్యం, కళ, విద్య ప్రయోజనాల కోసం చేసే ప్రచురణలకు అందులో మినహాయింపు ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత తెలుగు పాఠకుడికి లైంగిక విజ్ఞానం ప్రధానంగా వార, మాసపత్రికల ద్వారానే అందింది. విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపకుడు గోరా కుమారుడు డాక్టర్ జి.సమరం పత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు దశాబ్దాల పాటు జవాబులు రాశారు. హస్తప్రయోగం, స్వప్నస్ఖలనం, కన్యాత్వం గురించి తరతరాలుగా ఉన్న భయాలను సూటి భాషలో తొలగించిన శీర్షికలవి. పేరు చెప్పకుండా ఉత్తరం రాసే వీలు ఉండటమే వాటి బలం. స్త్రీల వైపు నుంచి వచ్చిన పెద్ద ప్రయత్నం 1991 నాటి ‘సవాలక్ష సందేహాలు’. హైదరాబాదు స్త్రీవాద కార్యకర్తలు, వైద్యులు కలిసి రూపొందించిన ఈ ఆరోగ్య గ్రంథం నెలసరి, గర్భం, గర్భనిరోధం, లైంగికత గురించి చదువు తక్కువైన స్త్రీకి కూడా అర్థమయ్యే తెలుగులో ఉంటుంది. తెలుగులో ఈ విషయాల మీద వచ్చిన పుస్తకాల్లో దీని స్థానం ప్రత్యేకమైనది.

చరిత్ర: ఎయిడ్స్ నివారణ ఉద్యమం

1990, 2000 దశకాల్లో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 1998లో ఏర్పడింది. జాతీయ కార్యక్రమం కింద లారీ డ్రైవర్లు, వలస కార్మికులు, సెక్స్ వర్కర్లు, స్వలింగ సంబంధాలున్న పురుషులకు ప్రత్యేక కార్యక్రమాలు నడిచాయి. హెచ్‌ఐవీ నివారణకు 2003లో మొదలైన అవాహన్ కార్యక్రమంలో భాగంగా కోస్తా జిల్లాల్లో హిందుస్థాన్ లేటెక్స్ ఫ్యామిలీ ప్లానింగ్ ప్రమోషన్ ట్రస్ట్ ‘స్వగతి’ పేరుతో పనిచేసింది. 2005లో రాష్ట్ర ప్రభుత్వం ‘ఆశ’ పేరుతో ఊరూరా ప్రచారం చేసింది. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో హెచ్‌ఐవీ బాధితులకు మందులిచ్చే ఏఆర్‌టీ చికిత్సా కేంద్రం ఏర్పడింది.

ఈ దశకు చరిత్రలో తగినంత గుర్తింపు రాలేదు. కండోమ్ ఎలా వాడాలో నమూనాతో చూపించడం, లైంగిక వ్యాధుల లక్షణాలను పేరుపెట్టి చెప్పడం, తోటి లారీ డ్రైవరే లేదా తోటి సెక్స్ వర్కరే బోధకులు కావడం అప్పటి పద్ధతి. ఈ పాఠం పోర్టు గేట్ల దగ్గరా హైవే పక్కనా సాగింది. బడి గదిలోకి అదే తీరులో రాలేదు. ప్రమాదంలో ఉన్నారని గుర్తించిన పెద్దలకు చెప్పడానికి ప్రభుత్వం వెనకాడలేదు గానీ, ఆ ప్రమాదం ఇంకా దరిచేరని పిల్లలకు చెప్పడానికి సంకోచించింది.

చరిత్ర: పాఠశాల వివాదం

2005లో కేంద్ర మానవ వనరుల మంత్రిత్వ శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి కౌమార విద్యా కార్యక్రమాన్ని తెచ్చాయి. ఉపాధ్యాయుల కోసం తయారుచేసిన బొమ్మల పటాలు అభ్యంతరకరంగా ఉన్నాయంటూ 2007లో మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, మధ్యప్రదేశ్ సహా పలు రాష్ట్రాలు దాన్ని ఆపాయి. తర్వాత ఆ సామగ్రిని సవరించారు.

వివాదం పార్లమెంటుకు కూడా చేరింది. ఎం.వెంకయ్యనాయుడు అధ్యక్షుడిగా ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009 నివేదికలో పాఠశాలల్లో లైంగిక విద్య వద్దని, ప్రత్యుత్పత్తి వ్యవస్థ, లైంగిక వ్యాధుల పాఠాలను ఇంటర్మీడియట్ స్థాయికి ముందు పెట్టవద్దని సిఫార్సు చేసింది. నైతిక విలువలు, యోగా, సంప్రదాయం మీద ఆ నివేదిక దృష్టి పెట్టింది. వెంకయ్యనాయుడు ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల పూర్వ విద్యార్థి. కమిటీ సిఫార్సుకు చట్ట బలం లేకపోయినా, లైంగిక విద్యపై దేశంలో ఉన్న వ్యతిరేకతను క్రోడీకరించిన పత్రంగా అది నిలిచింది.

2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల వారికి ఆరోగ్య సలహా అందిస్తుంది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 11 అంశాలను నిర్దేశించి, బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా నియమించమంది. పునరుత్పత్తి ఆరోగ్యం, హెచ్‌ఐవీ నివారణ ఆ అంశాల్లో ఒకటి. ఇంటర్నెట్‌ను, ఫోన్లను సురక్షితంగా వాడటం మరొకటి. ఈ వ్యాసం చర్చిస్తున్న రెండు విషయాలూ అలా ఒకే ప్రభుత్వ పట్టికలో చోటుచేసుకున్నాయి. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన ‘స్వేచ్ఛ’ పథకం 7 నుంచి 12వ తరగతి బాలికలకు నెలకు 10 శానిటరీ న్యాప్‌కిన్లు ఉచితంగా ఇచ్చింది. బడిలో నెలసరి గురించి బాహాటంగా మాట్లాడే సందర్భాన్ని కూడా ఆ పథకం కల్పించింది.

చట్టపరమైన చట్రం

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 67వ సెక్షన్ ప్రకారం అంతర్జాలంలో అశ్లీల సామగ్రి ప్రచురిస్తే మొదటి నేరానికి 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా. 2009 అక్టోబరు 27న అమల్లోకి వచ్చిన సవరణలు 67ఏ, 67బీ సెక్షన్లను చేర్చాయి. మొదటిది లైంగిక చర్యలను స్పష్టంగా చూపే సామగ్రికి, రెండోది పిల్లలను లైంగికంగా చూపే సామగ్రికి వర్తిస్తాయి. వీటికి శిక్ష 5 ఏళ్ల వరకు, జరిమానా 10 లక్షల వరకు. శాస్త్రం, సాహిత్యం, కళ, విద్య కోసం ప్రజాహితంగా చేసే ప్రచురణలకు ఇక్కడ కూడా మినహాయింపు ఉంది. అయితే ప్రజాహితమని ‘రుజువైతే’ అనేది దాని షరతు. కేసు నమోదయ్యాక, కోర్టులో వాదించుకున్నాక దక్కే రక్షణ ఇది. ఒక జిల్లా ఉపాధ్యాయుడికో, సొంతంగా వీడియోలు చేసే నర్సుకో అది ముందుగా ధైర్యం ఇవ్వలేదు.

69ఏ సెక్షన్ కింద కేంద్రం సైట్లను అడ్డుకోవచ్చు. దేశ భద్రత, ప్రజా శాంతి వంటి కారణాలే అందులో ఉన్నాయి, అశ్లీలత లేదు. అందువల్ల అశ్లీల సైట్ల నిరోధానికి చాలాసార్లు మధ్యవర్తి వేదికల బాధ్యతను చెప్పే 79వ సెక్షన్‌ను, కోర్టు ఆదేశాలను, టెలికం లైసెన్సు షరతులను వాడారు. 2009 నాటి బ్లాకింగ్ నియమాల్లోని 16వ నియమం ఆదేశాలను గోప్యంగా ఉంచమంటుంది. ఒక ఆరోగ్య సైట్ పొరపాటున జాబితాలో చేరితే దాని నిర్వాహకులకు కారణం తెలిసే మార్గం దీనివల్ల ఇరుకవుతోంది. 2024లో మొదలైన ‘సహయోగ్’ పోర్టల్ ద్వారా ప్రభుత్వ శాఖలు 79వ సెక్షన్ కింద నేరుగా వేదికలకు తొలగింపు నోటీసులు పంపుతున్నాయి. దీన్ని సవాలు చేసిన ఎక్స్ సంస్థ పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరులో కొట్టివేసింది.

ప్రకటనలకు సంబంధించి 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ముఖ్యమైనది. గర్భస్రావం, స్త్రీల గర్భనిరోధం, లైంగిక సామర్థ్యం, నెలసరి లోపాలకు మందులున్నాయంటూ ప్రకటించడాన్ని ఈ చట్టం నిషేధించింది. బూటకపు వైద్యుల నుంచి జనాన్ని కాపాడటం దాని ఉద్దేశం. శాస్త్రీయ దృష్టితో రాసిన పుస్తకాలకు మినహాయింపు ఇచ్చింది. ‘మగతనానికి మూలికలు’ అంటూ యూట్యూబ్‌లో సాగే తెలుగు ప్రకటనలను చూస్తే ఈ చట్టం గురి సరైనదేనని, అమలే బలహీనమని అర్థమవుతుంది. కేంద్ర సమాచార ప్రసార శాఖ 2017 డిసెంబరులో కండోమ్ ప్రకటనలను టీవీలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే చూపాలని సూచించింది. శృంగారభరితం కాని ప్రకటనలకు అది వర్తించదని తర్వాత వివరణ వచ్చింది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి సమాచారం సేకరించే ముందు తల్లిదండ్రుల ధ్రువీకృత అనుమతి కోరుతుంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వైద్య, విద్యా సంస్థలకు కొన్ని మినహాయింపులున్నా, ఖాతా తెరిస్తేనే సలహా ఇచ్చే సేవల విషయంలో ఈ షరతు పిల్లలకు అడ్డంకి కావచ్చు. ఇంట్లో అడగలేకే వెతుకుతున్న అమ్మాయి ఆ ఇంటి అనుమతే తెచ్చుకోవలసి వస్తుంది.

కోర్టు తీర్పులు

సుప్రీంకోర్టు తీర్పులు క్రమంగా అశ్లీలత నిర్వచనాన్ని ఇరుకు చేశాయి. 2014లో అవీక్ సర్కార్ కేసులో చెడు ప్రభావానికి సులువుగా లోనయ్యేవారిని కొలమానంగా తీసుకునే పాత హిక్లిన్ పరీక్షను వదిలి సమకాలీన సమాజ ప్రమాణాలను ఆధారం చేసుకుంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలను నేరంగా చూసిన 66ఏ సెక్షన్‌ను కొట్టివేసింది. 2024 మార్చిలో అపూర్వ అరోరా కేసులో బూతు మాట దానంతట అదే అశ్లీలత కాదని చెప్పింది.

లింగ నిర్ధారణ ప్రకటనలపై సాబు మాథ్యూ జార్జ్ కేసు మరో రకం పాఠం. గర్భస్థ లింగ నిర్ధారణ ప్రకటనలను అడ్డుకోవాలని గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్‌లను ఆదేశించిన కోర్టు, నిషేధం ప్రకటనలకే గానీ ఆ అంశంపై సాధారణ సమాచారానికి కాదని 2017లో స్పష్టం చేసింది. పదాన్ని బట్టి గాక ప్రయోజనాన్ని బట్టి అడ్డుకోవాలనే సూత్రం అందులో ఉంది.

లైంగిక విద్యకు ఎక్కువ బలమిచ్చింది 2024 సెప్టెంబరు 23 నాటి జస్ట్ రైట్స్ ఫర్ చిల్డ్రన్ అలయన్స్ కేసు తీర్పు. పిల్లల లైంగిక దోపిడీ సామగ్రిని చూడటం, దాచుకోవడంపై చట్టాన్ని కఠినంగా అన్వయిస్తూనే, సమగ్ర లైంగిక విద్యా కార్యక్రమాలు అవసరమని, లైంగిక విద్య పాశ్చాత్య భావన అనేది అపోహ అని ఆ తీర్పు పేర్కొంది. నియంత్రణ, విద్య ఒకదానికొకటి పోటీ కావని ఒకే తీర్పులో చెప్పడం దీని ప్రత్యేకత.

అడ్డుకునే పద్ధతులు

సైట్ పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్ దశలో తప్పుడు జవాబు ఇవ్వడం అన్నిటికన్నా సులువైన పద్ధతి. అసలు చిరునామానే మూసేయడం రెండోది. గూఢలిపి సంధానం మొదలయ్యేటప్పుడు బయటికి కనబడే సైట్ పేరును చదివి తెంపేయడం మూడోది. భారతీయ ఇంటర్నెట్ సంస్థలను పరిశీలించి 2020లో వెలువడిన ఒక పరిశోధన, ఒక్కో సంస్థ ఒక్కో పద్ధతి వాడుతోందని, వాటి నిరోధ జాబితాలు ఒకదానితో ఒకటి సరిపోలడం లేదని చూపింది. ఒకే వీధిలో ఒకరి ఫోన్‌లో తెరుచుకునే పేజీ పక్కవాళ్ల ఫోన్‌లో తెరుచుకోకపోవచ్చు.

దేశవ్యాప్త ఆదేశాలు పలుమార్లు వచ్చాయి. 2015 జులై 31న టెలికం శాఖ 857 సైట్లను ఆపమంది. విమర్శలు రావడంతో కొద్ది రోజుల్లోనే ఆ ఆదేశాన్ని పిల్లల లైంగిక దోపిడీ సామగ్రి ఉన్న సైట్లకు పరిమితం చేసింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశంతో 827 సైట్లు మూతపడ్డాయి. 2024 మార్చిలో 18, 2025 జులైలో 25 ఓటీటీ వేదికలను కేంద్రం నిలిపివేసింది. అశ్లీల సైట్లే ఈ ఆదేశాల లక్ష్యం. లైంగిక విద్యకు నష్టం వీటికన్నా ఫిల్టర్ల వల్ల, వేదికల సొంత నియమాల వల్ల ఎక్కువగా జరుగుతుంది.

ఫిల్టర్ల గురించి ఇప్పటికీ ఉదాహరించే అధ్యయనం 2002లో అమెరికాలో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ చేసింది. ఫిల్టర్‌ను తక్కువ స్థాయిలో పెడితే ఆరోగ్య పేజీల్లో 1.4 శాతం, గరిష్ఠ స్థాయిలో పెడితే 24 శాతం ఆగిపోయాయి. అశ్లీల పేజీల నిరోధం మాత్రం 87 శాతం నుంచి 91 శాతానికే పెరిగింది. బిగించిన కొద్దీ రక్షణ కొద్దిగా, నష్టం చాలా ఎక్కువగా పెరుగుతుందన్నది దీని సారం. 2013లో బ్రిటన్‌లో ఒక ఇంటర్నెట్ సంస్థ ఫిల్టర్ యువతకు లైంగిక విద్య నేర్పే ‘బిష్’ సైట్‌ను అడ్డుకోవడం బీబీసీ పరిశీలనలో బయటపడింది.

వేదికల నియమాలు మరింత సూక్ష్మంగా పనిచేస్తాయి. యూట్యూబ్ విద్య, డాక్యుమెంటరీ, శాస్త్రం, కళలకు మినహాయింపు ఇస్తుంది గానీ, వయసు పరిమితి పడిన వీడియో చూడాలంటే 18 ఏళ్లు నిండిన ఖాతాతో ప్రవేశించాలి. పాఠం ఎవరి కోసమో వారే బయట ఉండిపోతారు. 2022 జనవరిలో సెంటర్ ఫర్ ఇంటిమసీ జస్టిస్ వెలువరించిన నివేదిక, తాము పరిశీలించిన 60 మహిళా ఆరోగ్య సంస్థల్లో ప్రతిదానికీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రకటనల తిరస్కరణ ఎదురైందని తెలిపింది. అదే ఏడాది ప్రకటనల నియమాలను ఆ వేదికల యజమాని మెటా కొంత సవరించింది. తొలగింపు భయంతో బోధకులు పదాల మధ్య చుక్కలు పెట్టడం, అక్షరాలు మార్చడం ప్రపంచమంతటా అలవాటైంది. దానివల్ల సరైన పదంతో వెతికినవారికి ఆ పాఠం కనబడదు.

విశాఖ, ఉత్తరాంధ్రలో అందుబాటు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు 29.3 శాతం. 15–19 ఏళ్ల వారిలో అప్పటికే తల్లులైనవారు లేదా గర్భిణులు 12.6 శాతం. ఈ సమాచారం అత్యవసరమైనవారికే అంతర్జాలం తక్కువగా అందుతోందని ఈ మూడు అంకెలు పక్కపక్కన పెడితే తేలుతుంది. వారి విషయంలో మొదటి అడ్డంకి ప్రభుత్వ ఆదేశం కాదు, సొంత ఫోన్ లేకపోవడం. ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉండి అది తండ్రిదో అన్నదో అయితే, వెతికిన మాటల చరిత్ర కూడా వాళ్ల కళ్లలో పడుతుంది.

2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. నగరంలో నెట్‌వర్క్ పుష్కలంగా ఉంటే, మన్యంలోని చాలా గూడేలకు సిగ్నల్ సరిగా అందదు. అక్కడ ఆశా కార్యకర్త, ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయిని చెప్పిందే పాఠం.

భిన్న వాదనలు

నియంత్రణను సమర్థించేవారు పిల్లల చేతికి ఫోన్ చిన్న వయసులోనే వస్తోందని, హింసాత్మక అశ్లీలత వారి మనసును దెబ్బతీస్తుందని, తల్లిదండ్రులకు తమ విలువల ప్రకారం పెంచే హక్కు ఉందని అంటారు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపు వారిని ప్రధాన సామాజిక మాధ్యమాల ఖాతాలకు దూరం పెట్టింది. వ్యతిరేకించేవారు నిషేధం అశ్లీలతను ఆపలేకపోగా, నిరోధాన్ని దాటించే వీపీఎన్ తెలిసినవాడికి అదే దొరికి, తెలియనివారికి ఆరోగ్య పాఠం దూరమవుతుందని చెబుతారు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం, 2012 ప్రకారం లైంగిక సమ్మతి వయసు 18 కావడంతో, కౌమారుల సంబంధాల గురించి నిజాయితీగా చెప్పే పాఠం నేరాన్ని ప్రోత్సహించినట్టు అవుతుందేమోనన్న భయం ఉపాధ్యాయుల్లో ఉంది. ఈ మూడో అంశం చర్చల్లో తక్కువగా వినిపిస్తుంది గానీ తరగతి గదిలో దాని ప్రభావం ఎక్కువ.

రెండు పక్షాల వాదనల్లోనూ నిజముంది. లైంగిక వేధింపును గుర్తించి చెప్పాలంటే బిడ్డకు శరీర భాగాల పేర్లు తెలియాలి. ఆ పేర్లు ఉన్న పేజీని ఫిల్టర్ ఆపేస్తే రక్షణ కోసం పెట్టిన ఏర్పాటే రక్షణకు అడ్డవుతుంది. కనుక ఏ నిరోధ వ్యవస్థనైనా అది ఎన్ని అశ్లీల పేజీలను ఆపిందన్న లెక్కతో పాటు, ఎన్ని ఆరోగ్య పేజీలను ఆపిందన్న లెక్కతో కూడా కొలవాలి. భారతదేశంలో రెండో లెక్కను వెల్లడించాలనే నియమం లేదు.

అందుబాటులో ఉన్న మార్గాలు

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రాన్ని, దానితో పాటు అంతర్జాతీయ సముద్ర కేబుల్ ద్వారాన్ని నిర్మిస్తామని ప్రకటించింది. కేబుల్ ఎంత వేగమైనదైనా పైన చెప్పిన చట్టాలు, వయసు పరిమితులు అలాగే వర్తిస్తాయి.

ఫిల్టర్‌తో, ఖాతాతో పనిలేని మార్గాలు కొన్ని ఇప్పటికే ఉన్నాయి. 1097 జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్‌కు ఏ ఫోన్ నుంచైనా ఉచితంగా చేసి హెచ్‌ఐవీ, లైంగిక వ్యాధుల గురించి అడగవచ్చు. వేధింపులకు గురైన పిల్లలు, వారి తరఫున పెద్దలు 1098కి చెప్పవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని కౌమార ఆరోగ్య క్లినిక్‌లు 10–19 ఏళ్ల వారికి ఉచితంగా సలహా ఇస్తాయి. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ రెండు నంబర్లను పిల్లలకు ముందుగానే రాసి ఇవ్వాలి.